సత్కారము: అభ్యాసమునకు మూడవ అంగము

పతంజలి మహర్షి యోగసూత్రములలో అభ్యాసము దృఢపడుటకు మూడు లక్షణములను నిర్దేశించెను: దీర్ఘకాలము, నైరంతర్యము, సత్కారము. మొదటి రెండింటిని లోకము బాగుగనే ఎరుగును. చాలకాలము చేయవలెనని, మానక చేయవలెనని ప్రతి గురువును, ప్రతి తల్లియు చెప్పుచునేయుందురు. మూడవదియగు సత్కారము మాత్రము తరచుగా విస్మృతమగుచున్నది. చేయుచున్న సాధన ఎంత అల్పమైనను, ఎంత దోషయుక్తమైనను, దానిని ఆదరముతో చేయుటయే సత్కారము. విజయనగరమున అయ్యకోనేరు గట్టుకు సమీపముననున్న ఒక ఇంట ఈ మూడవ లక్షణము ఒక గిటారు మూలమున బోధపడినది.

ఆ ఇంటి బాలుడు తొమ్మిదవ తరగతి విద్యార్థి. అతని పాఠశాలలో వారమునకు రెండుసార్లు సంగీత తరగతి జరుగును. ఇద్దరు విద్యార్థులకొక గిటారు. వార్షికోత్సవము సమీపించుటచే, సాధనకై ఒకదానిని ఇంటికి తీసికొనిపోవుటకు ఉపాధ్యాయిని అనుమతించెను. తాతగారు దానిని చూచి పెదవి విరిచిరి.

"విజయనగరంలో పుట్టి ఇదేటిరా? వీణో, వయొలినో నేర్చుకోకూడదా?"

బాలుడు మారుపలుకక గదిలోనికి పోయి తలుపు వేసికొనెను.

గిటారున తొలిదశ కఠినమైనది. తంత్రులు ఆరు, అవి లోహమయములు. ఎడమచేతి వ్రేలికొనలతో వానిని మెట్టుకు సరిగా వెనుక నొక్కవలెను. బలము చాలనిచో నాదము గరగరలాడును. వ్రేలు కొంచెము వాలినచో ప్రక్క తంత్రి మూగవోవును. ఈ మైనర్ అను కార్డుకు రెండు వ్రేళ్లు చాలును. సి, జి అను వానికి మూడేసి వ్రేళ్లు కావలెను. ఏ కార్డుకు ఆ కార్డు విడిగా పలుకును గాని, ఒకదానినుండి మరియొకదానికి మారునప్పుడు లయ తెగిపోవును. వ్రేలికొనలు ఎర్రబడి, వానిపై తంత్రుల చారలు పడును. కొన్ని వారములు విడువక వాయించిన పిదపగాని అచ్చటి చర్మము గట్టిపడదు.

ఆ గిటారును పంచుకొను సహవిద్యార్థి మార్పులను శీఘ్రముగా పట్టుకొనెను. ఈ బాలునకు సి నుండి జి కి మారుట ఎంతకును కుదరలేదు. తరగతిలో కొందరు నవ్విరి. ఒక ఆదివారము సాయంకాలము అతడు గిటారును సంచిలో పెట్టి గుండీలు బిగించెను.

"రేపు ఇచ్చేస్తాను తాతయ్యా. ప్రోగ్రాంలో నా పేరు తీసేయమంటాను. నాకు రాదు. నా చేతిలో సంగీతం లేదు."

తాతగారు ఆ చేతిని తన చేతిలోనికి తీసికొని వ్రేలికొనలను చూచిరి. చాలసేపటికి గాని మాట పెగలలేదు.

"నేను వయొలిన్ మూడేళ్లు నేర్చుకున్నానురా. ఒక్కరోజు మానలేదు. కానీ ఆ మూడేళ్లూ నా చప్పుడంటే నాకే అసహ్యం. నీలాగే తలుపులేసుకుని వాయించేవాణ్ణి. ఒకరోజు వీధిలో ఎవరో నవ్వారు. పెట్టె మూసేశాను. చెయ్యి నొప్పి వల్ల మానేశానని మీ నాన్నమ్మతో కూడా అబద్ధమే చెప్పాను."

ఆ అబద్ధము వయస్సు ఏబదియేండ్లు. ఆయనకు దీర్ఘకాలమున్నది, నైరంతర్యమున్నది. లేనిది సత్కారమొక్కటే. తన అపశ్రుతిని తానే అవమానించుచు చేసిన సాధన వేయిరోజులైనను వేరు పట్టలేదు. వీధిలోని ఒక్క నవ్వు దానిని కూల్చివేసినది.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమును అధ్యాస విచారణతో ప్రారంభించిరి. ఒకదాని ధర్మమును మరియొకదానియందు ఆరోపించుట అధ్యాస. దేహము స్థూలమైనచో నేను స్థూలుడనని, నేత్రము చూడకున్నచో నేను అంధుడనని మానవుడు తలచును. ఆ బాలుడు చేసినదియు అదియే. తప్పినది కార్డు, తప్పినవాడను నేనని అతడు నమ్మెను. తంత్రి మూగవోయినచో వ్రేలిని సవరించుకొనవచ్చును. "నా చేతిలో సంగీతం లేదు" అని తీర్పు చెప్పుకొన్నవానికి సవరించుకొనుటకు ఏమియు మిగులదు. కర్మయందే అధికారమని చెప్పిన గీతోపదేశము ఇచ్చట కేవల వేదాంతము కాదు, నిత్యసాధనకు ఉపయోగించు ఉపాయము. ఈ క్షణమున వ్రేలు ఎచ్చట నిలువవలెననునది మాత్రమే సాధకుని అధీనమున గలదు.

తాతగారు సంచి గుండీలు తామే విప్పిరి. గిటారును ఒడిలో పెట్టుకొని, మెట్లను ఒక్కొక్కటిగా లెక్కించి, పండ్రెండవ మెట్టుపై తంత్రిని నొక్కి మీటిరి. విడి తంత్రి స్వరమే పైస్థాయిలో పలికెను. తంత్రి పొడవులో సరిగా సగము అచ్చటనే యుండును. "వీణకూ ఇంతేరా. పన్నెండో మెట్టుకి పై షడ్జం" అనిరి. పనసచెక్కతో చేసిన బొబ్బిలి వీణకును, ఈ పరదేశపు వాద్యమునకును నాదధర్మము ఒక్కటియే. ఐతరేయారణ్యకము మానవశరీరమునే దైవీవీణగా వర్ణించి, మనుష్యుడు చేసిన వీణ దానికి అనుకృతియని చెప్పినది. అట్టి దృష్టి కలవానికి ఏ కొయ్యయు పరాయిది కాదు. తాతగారు బాలునకు నేర్చుకొమ్మన్న వయొలినే పశ్చిమమునుండి వచ్చినది. బాలుస్వామి దీక్షితులవంటివారి సాధనచే దక్షిణాదిన మన వాద్యమైనది.

పిదప తాతగారు ద్వారం వెంకటస్వామినాయుడుగారి వృత్తాంతము చెప్పిరి. 1893లో జన్మించిన నాయుడుగారికి దృష్టిలోపము వలన బడిచదువు సాగలేదు. 1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరమున సంగీత కళాశాలను స్థాపించి, ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించెను. నాయుడుగారు అచ్చటికి విద్యార్థిగా చేరుటకు వచ్చిరి. వారి వాదనము విన్న పెద్దలు వారిని వయొలిన్ ఆచార్యులనుగా నియమించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారు. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. ఆచార్యపదవికి తగిన విద్య కలిగియుండియు, శిష్యుల వరుసలో నిలుచుటకు వారు సంకోచింపలేదు. ఈ కథను విజయనగరమున ఎల్లరును పదవి వచ్చిన వింతగా చెప్పుకొందురు. ఆ సాయంకాలము తాతగారు దానిని మరియొక విధముగా చెప్పిరి: "ఆయన నేర్చుకోడానికి వచ్చాడురా. అది చూడు."

"తలుపు తెరిచి వాయించు" అని పలికి, ఆయన తొడపై ఆదితాళము వేయనారంభించిరి. సి వద్ద నాదము పలికెను. జి కి మారునప్పుడు వ్రేళ్లు తడబడెను. తాళము ఆగలేదు, త్వరపడలేదు. బాలుడు తరువాతి ఆవృత్తమున వచ్చి కలిసికొనెను. వీధిలో పోవుచున్న ఒకరిద్దరు తలలు త్రిప్పి చూచిరి. చీకటిపడువరకు సాధన సాగినది.

వార్షికోత్సవమునాడు బాలుడు రెండుచోట్ల తప్పి, పాట తుదివరకు వాయించెను. మరునాటి ఉదయము తాతగారు అటకపైనుండి వయొలిన్ పెట్టెను దింపించిరి. తంత్రులు తుప్పుపట్టియున్నవి, కమాను వెండ్రుకలు చాలవరకు రాలిపోయినవి. బాగుచేయించుటకు ఎంత అగునో కనుగొనుమని కుమారునితో చెప్పిరి. భార్య వంటయింటి గడపవద్ద నిలిచి వినుచుండెను.

"చెయ్యి నొప్పన్నారుగా?" అని ఆమె అడిగెను.

"నొప్పి చేతికి కాదు" అని ఆయన బదులు చెప్పిరి.