ఎక్కువ వడ్డీ, తగ్గే రూపాయి

బ్యాంకు ఉద్యోగి కనబడితే పెళ్ళివారింట్లో కూడా వడ్డీల మాటే వస్తుంది. మన సంఘం ఉగాది భోజనాల్లో నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది: "మా అబ్బాయి అమెరికాలో సంపాదించింది ఇక్కడ రూపాయల్లో వేస్తే వడ్డీ ఎక్కువ కదండీ, డాలర్లలో ఎందుకు ఉంచడం?" ముప్ఫై ఏళ్ళుగా బెంగళూరు శాఖల్లో ఈ మాట వింటున్నాను కనుక నాకు తెలిసిన నాలుగు ముక్కలు రాస్తున్నాను.

బి.కాం.లో మేము చదువుకున్న సూత్రం సులువైనదే. వడ్డీ ఎక్కువున్న చోటికి డబ్బు పరుగెడుతుంది. డబ్బు వచ్చిన దేశపు కరెన్సీ బలపడుతుంది. కానీ నేను ఉద్యోగంలో ఉన్నంత కాలమూ మన వడ్డీలు అమెరికా వడ్డీల కంటే ఎక్కువగానే ఉంటూ వచ్చాయి. మరి రూపాయి బలపడిందా? 1991 జూలై 1, 3 తేదీల్లో రెండు విడతలుగా విలువ తగ్గించినప్పుడు డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరకు చేరింది. 2022 చివరికి 83 దగ్గరికొచ్చింది.

ఇందులో తిరకాసు ఏమీ లేదు. ధరలు త్వరగా పెరిగే దేశంలో అప్పిచ్చేవాడు ఎక్కువ వడ్డీ అడుగుతాడు. ఆ ధరల పెరుగుదలే ఏళ్ళ మీద ఆ దేశపు కరెన్సీ విలువను తగ్గిస్తుంది. అంటే మనకొచ్చే ఎక్కువ వడ్డీలో కొంత భాగం లాభం కాదు, రాబోయే నష్టానికి ముందుగా ఇచ్చే పరిహారం.

చిన్న లెక్క చూద్దాం. డాలరు 80 రూపాయలు, ఇక్కడ వడ్డీ 7 శాతం, అక్కడ 4 శాతం అనుకోండి. వంద డాలర్లు మార్చి ఇక్కడ వేస్తే 8,000 రూపాయలు ఏడాదికి 8,560 అవుతుంది. అక్కడే ఉంచితే 104 డాలర్లు. ఏడాది తర్వాత డాలరు 82 రూపాయల 31 పైసలైతే రెండూ సమానం. అంతకు మించి పెరిగితే డాలర్లలో ఉంచినవాడే నయం. బ్యాంకులు ముందస్తుగా చెప్పే ఫార్వర్డ్ రేటు కూడా ఇంచుమించు ఈ లెక్క ప్రకారమే ఉంటుంది.

అయితే రిజర్వు బ్యాంకు అవసరమైనప్పుడు వడ్డీ పెంచి రూపాయిని నిలబెట్టాలని చూడదా అంటే, చూస్తుంది. 2013 మే 22న అమెరికా ఫెడరల్ రిజర్వు అధ్యక్షుడు బెర్నాంకీ, తాము కొంటున్న బాండ్లను తగ్గించవచ్చునన్నారు. ఆ ఒక్క మాటకు మన దేశం నుంచి డాలర్లు వెనక్కి మళ్ళాయి. అప్పటి గవర్నరు, మన తెలుగువారే అయిన దువ్వూరి సుబ్బారావుగారి హయాంలో, బ్యాంకులు అత్యవసరంగా తీసుకునే అప్పుపై వడ్డీని జూలై 15న 10.25 శాతానికి పెంచారు. అయినా ఆగస్టు 28న డాలరు 69 రూపాయల దగ్గరికి వెళ్ళింది.

సెప్టెంబరులో రఘురామ్ రాజన్ వచ్చాక మరో మార్గం తెరిచారు. ప్రవాసుల నుంచి బ్యాంకులు డాలరు డిపాజిట్లు తెస్తే, మారకపు నష్టం భారాన్ని ఏడాదికి 3.5 శాతానికే రిజర్వు బ్యాంకు తన మీద వేసుకుంది. సుమారు 2,600 కోట్ల డాలర్లు వచ్చాయి. వడ్డీ ఒక్కటే చేయలేని పని, నష్టభయం తీర్చడంతో జరిగింది. డబ్బుగలవాడు వడ్డీని మాత్రమే చూడడు, రూపాయి తగ్గితే నష్టం ఎవరిదని కూడా చూస్తాడు.

అప్పుడు నేను పీణ్య పారిశ్రామికవాడలోని శాఖలో ఉన్నాను. విడిభాగాలు చేసే ఒక చిన్న వర్క్‌షాపు యజమాని ఆ నెలల్లో రెండు దెబ్బలు తిన్నాడు. దిగుమతి చేసుకునే పనిముట్ల ధర డాలరుతో పెరిగింది, ఓవర్‌డ్రాఫ్టు మీద వడ్డీ కూడా పెరిగింది. "సార్, రూపాయికి జబ్బు చేస్తే మందు నాకెందుకు పోస్తున్నారు?" అన్నాడు. పుస్తకాల్లో అంత సూటిగా రాసింది నేను చదవలేదు. రూపాయిని కాపాడే ఖర్చు చివరికి అప్పు చేసినవాడే ఎక్కువగా మోస్తాడు.

విదేశీ చదువుకు అప్పు చేసిన తల్లిదండ్రులదీ ఇదే పరిస్థితి. రూపాయి తగ్గితే ఫీజు పెరుగుతుంది. పెట్రోలు మొదలైనవి ప్రియమై ధరలు పెరిగితే వడ్డీ రేట్లూ పెరగవచ్చు, దాంతో నెల కిస్తీ కూడా. రెండూ ఒకేసారి రావచ్చునని ముందే అంచనా వేసుకుని అప్పు తీసుకోవాలి.

ఇక డిపాజిట్ల సంగతి. ఎన్.ఆర్.ఇ. డిపాజిట్ రూపాయల్లో ఉంటుంది, మారకపు నష్టం మనదే. ఎఫ్.సి.ఎన్.ఆర్. డిపాజిట్ డాలర్లలో వేస్తే డాలర్లలోనే తిరిగి వస్తుంది. అబ్బాయి ఇక్కడ ఇల్లు కొనదలిస్తే రూపాయలే సరి. పిల్లల చదువు అక్కడే అనుకుంటే డాలర్లే మేలు. వడ్డీ ఎంత అని అడిగే ముందు, ఈ డబ్బు ఎక్కడ ఖర్చు పెడతాం అని ఇంట్లో ఒకసారి మాట్లాడుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.