కాలు కింద పెట్టకుండా

బండి కొని ఏడు నెలలైంది. ఈ ఏడు నెలల్లో జనం నన్ను అడిగిన ప్రశ్నలు ముఖ్యంగా రెండు. మైలేజీ ఎంత? బండి అబ్బాయిదా? మొదటిదానికి లీటరుకి పాతిక అంటే పాపం వాళ్ల మొహం చిన్నబోతుంది. రెండోదానికి ఒక్కోసారి అవుననేస్తాను, ఎందుకొచ్చిన గొడవ అని. మా అబ్బాయి కారు తప్ప ఇంకోటి ఎక్కడు. బండి అంటే వాడికి వాళ్లమ్మ ఇరవయ్యేళ్లు నూరిపోసిన భయం ఉంది. నాకు నూరిపోయడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. పెళ్లి నాటికే నేను చెడిపోయి ఉన్నాను.

నాకు అరవై ఒకటి. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్. 648 సీసీ, పక్కపక్కనే రెండు సిలిండర్లు, 47 హార్స్‌పవర్, ఆరు గేర్లు. పెట్రోలు పోశాక రెండొందల కిలోల పైమాటే. ఈ లెక్కలు ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివేవాళ్లలో చాలామందికి బండి అంటే యాప్‌లో నొక్కితే గేటు ముందుకొచ్చి ఓటీపీ అడిగేది. తప్పు పట్టడం లేదు, నేనూ వాడతాను. పుస్తకాలు చదివే కుర్రాళ్లకి నా బండి సంగతి చెప్పగానే "ఓ, జెన్!" అంటారు. రాబర్ట్ పిర్సిగ్ పుస్తకం. ఆయన 1968లో కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని అమెరికాలో అంత దూరం వెళ్లింది 305 సీసీ హోండా మీద. ఫిలాసఫీకి అంతకంటే పెద్ద ఇంజను అక్కర్లేదన్నమాట. నాకు కావలసింది ఫిలాసఫీ కాదు. నాకు ఈ బండే కావాలి.

1986లో ఇరిగేషన్‌లో చేరాను. సాగర్ ఎడమ కాలవ మీద, మిర్యాలగూడ వైపు పోస్టింగు. అప్పుడు కొన్నది యెజ్డీ రోడ్‌కింగ్. 250 సీసీ టూ స్ట్రోకు, 16 హార్స్‌పవర్. దానికి కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ రాడ్డు, స్టార్టయ్యాక ముందుకి వాల్చితే గేరు రాడ్డు. తెలియనివాడికి బండి ఇస్తే కిక్ ఎక్కడుందో వెతుక్కుంటూ చుట్టూ తిరిగేవాడు, అదొక వినోదం. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకోవాలి. జేబులో ఎప్పుడూ ఒక స్పేర్ ప్లగ్గు, ఓ ముక్క గరుకు కాగితం. వానాకాలం కాలవ కట్ట మీద వెళ్తుంటే నల్లరేగడి తగిలిన చోట మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి బండి నిలబడిపోయేది. దిగి తుమ్మ పుల్లతో గీకి, ఇరవై గజాలు వెళ్లి, మళ్లీ దిగి మళ్లీ గీకి. హెడ్‌లైటు లాంతరు కంటే కాస్త నయం. అయినా ఆ బండి సెకండ్ గేర్లో లేస్తుంటే వచ్చే చప్పుడు గుర్తొస్తే నాకిప్పటికీ వీపు నిటారవుతుంది.

తర్వాత ఇరవయ్యేళ్లకి పైగా స్ప్లెండర్. దాని గురించి చెప్పడానికేమీ లేదు, అదే దాని గొప్పతనం. పిల్లల ఫీజులు ఉన్నన్నాళ్లూ అది ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా మోసింది.

రిటైరైన నెల రోజులకి ఇంటర్‌సెప్టర్ కొన్నాను.

మొదటి సర్వీసు దాకా ఒళ్లు దగ్గర పెట్టుకునే నడిపాను. ఆ తర్వాత ఒక రోజు ఔటర్ దాటి తుక్కుగూడ నుంచి శ్రీశైలం రోడ్డెక్కి, ఖాళీగా ఉన్న చోట మూడో గేర్లో యాక్సిలరేటర్ తిప్పాను. ఎలా చెప్పాలి? స్ప్లెండర్ మీద లారీని దాటడమంటే ఒక నిర్ణయం. ఎదురుగా చూసి, వెనక చూసి, గేరు దింపి, మనసులో దండం పెట్టుకుని బయల్దేరాలి. ఇక్కడ అనుకునేసరికే లారీ అద్దంలో ఉంది. భయం వెయ్యలేదు. నవ్వొచ్చింది. హెల్మెట్ లోపల ఒక్కణ్నే పైకి నవ్వాను. అరవయ్యేళ్లు దాటాక ఒళ్లు మనకి చెప్పేవన్నీ ఇక చాల్లే అనే కబుర్లే. మోకాలు, నడుము, షుగరు, అన్నీ అదే మాట. చాలా ఏళ్ల తర్వాత ఒళ్లు 'ఇంకొంచెం' అంది.

ఆ ఇంజన్లో రెండు పిస్టన్ల మధ్య క్రాంక్ మీద 270 డిగ్రీల ఎడం. అందుకని పేలుళ్లు సమానంగా రావు. ఒకదాని వెంట ఒకటి, ఆ తర్వాత కాస్త ఎక్కువ ఎడం, మళ్లీ జంట. సమంగా కొట్టే డప్పుకీ ఎదురు దెబ్బ వేసే డప్పుకీ ఉన్న తేడా. పాదాల్లోంచి, తొడల్లోంచి వస్తుంది ఆ లయ. దీన్ని కేవలం 'సౌండు' అనేవాళ్లతో నేను వాదించను.

కానీ పెద్ద బండి ఇచ్చే సుఖంలో సగం వేగంలో లేదు, దాన్ని వాడకపోవడంలో ఉంది. కుర్రాళ్లకి ఇది చెప్తే నమ్మరు. అరవైలో నాలుగో గేర్లో వెళ్తూ, చేతి కింద ఇంకా ఎంతో ఉందని తెలిసి ఊరుకోవడం. యెజ్డీ మీద ఎప్పుడూ బండిని దాని అంచు దాకా వాడేవాణ్ని. డ్రమ్ము బ్రేకులు పట్టవు. టూ స్ట్రోకు కాబట్టి దిగుడులో యాక్సిలరేటర్ వదిలినా ఇంజను పెద్దగా ఆపదు. అందుకని మా తరానికి ఆపడం కంటే ముందు చూడటం వచ్చింది. గేదె రోడ్డెక్కకముందే దాని మొహం ఎటుందో చూడటం, ఆగి ఉన్న బస్సు కింద కాళ్లు కనిపిస్తున్నాయేమో చూడటం. ఇప్పుడు ఏబీఎస్ ఉంది, డిస్కులున్నాయి. చూపు అలవాటు మాత్రం పాతదే. వయసుతో రిఫ్లెక్స్ తగ్గితే దాన్ని కొంతవరకు పూడ్చేది ఇదొక్కటే.

కొంతవరకే. అక్కడే ఉంది అసలు సంగతి.

యాభై దాటాక నా లైసెన్సు ఐదేసేళ్లకే రెన్యూ అవుతోంది. ఇది మూడోసారి, 2027 దాకా ఉంది. రెన్యువల్‌కి ఫారం 1-ఎ మీద డాక్టరు సంతకం కావాలి. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందా, పట్టపగలు పాతిక మీటర్ల దూరంలో కారు నంబరు ప్లేటు కనిపిస్తోందా, ఇలాంటివి ఉంటాయి అందులో. బయటికొచ్చాక లెక్కేసుకున్నాను. వందలో వెళ్తే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే గవర్నమెంటు నా దగ్గర అడిగిన చూపు ఒక్క సెకనుకి కూడా చాలదు. మిగతాది నేనే చూసుకోవాలి.

అందుకే కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాను. వాలు మీద మూతి కిందికి పెట్టి బండి ఆపను. రెండొందల కిలోలు వెనక్కి లాగే మోకాళ్లు కావు నావి. ఎక్కడికెళ్లినా ముందు తిరిగి వెళ్లే దారి చూసుకుని పార్క్ చేస్తాను. చీకట్లో హైవే మీద డెబ్భై దాటను. హెల్మెట్ విషయంలో బేరం లేదు. లారెన్స్ ఆఫ్ అరేబియా 1935 మేలో బ్రఫ్ సుపీరియర్ మీద పోతూ, సైకిళ్ల మీద వస్తున్న పిల్లల్ని తప్పించబోయి పడి, ఆరు రోజులకి చనిపోయాడు. వయసు 46. తలకి ఏమీ లేదు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే న్యూరోసర్జన్ ఆ తర్వాత మోటార్‌సైకిలు వాళ్ల తల గాయాల మీద ఏళ్ల తరబడి పని చేశాడు. హెల్మెట్లు ప్రాణాలు కాపాడతాయని లెక్కలతో చూపించిన మొదటివాళ్లలో ఆయనొకడు. మా ఆవిడకి ఈ కథ చెప్పాను, ధైర్యం వస్తుందని. "అంతటివాడే పడ్డాడన్నమాట" అంది.

ఇక మా తోడల్లుడి సంగతి. మా ఆవిడ అక్క మొగుడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, అన్నయ్య అంటాను. ముప్ఫయ్యేళ్లు ఆయన బుల్లెట్, నా బండీ కలిసి తిరిగాయి. ఆయనది పాత కాస్ట్ ఐరన్ 350. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. డీకంప్రెసర్ నొక్కి, యామ్మీటరు ముల్లు చూసి, ఒక్క తన్ను. స్టార్టయ్యేది. నేను తంతే తిరిగి తన్నేది. నాలుగేళ్ల కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. పార్కిన్సన్స్ అన్నారు. రెండేళ్ల తర్వాత బుల్లెట్ అమ్మేశాడు. ఎవరూ చెప్పలేదు, తనే అమ్మాడు. ఆ రోజు సాయంత్రం మా ఇంటికి ఆటోలో వచ్చి, క్రికెట్ గురించి మాట్లాడి వెళ్లిపోయాడు.

నేను కొత్త బండి కొన్నాక ఆయన ముందు దాని ఊసెత్తడానికి నాకు ఇబ్బందిగా ఉండేది. ఆయనే అడిగాడు, శ్రీశైలం తీసుకెళ్తావా అని. వదిన ఒప్పుకోలేదు. "ఇద్దరికీ కలిపి నూట ఇరవయ్యారేళ్లు" అంది. కూడి చెప్పింది కాబట్టి మేము నవ్వాం గానీ, ఆవిడ నవ్వలేదు. బయల్దేరే ముందు నన్ను పక్కకి పిలిచి మాత్రల డబ్బా ఇచ్చి, టైములు కాగితం మీద రాసిచ్చింది. నాలుగు గంటలకొకటి, వేసుకున్న అరగంట దాకా ఏమీ తినకూడదు. "బాబూ, ఆయన బండి అడిగితే ఇవ్వకండి" అంది. అడిగితే ఏం చెప్పాలో దారిపొడుగునా తయారు చేసుకుంటూనే ఉన్నాను.

మొన్న మార్చిలో. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాం. కడ్తాల్, ఆమనగల్లు, డిండి. మన్ననూరు దగ్గర అడవి గేటు ఆరింటికి తెరుస్తారు. అక్కడ టీ తాగి, మొదటి మాత్ర వేయించి, తెరవగానే లోపలికెళ్లాం. అడవిలో యాభై దాటలేదు. దాటకూడదు కూడా, రోడ్డు మనదైనా అడవి మనది కాదు. ఇప్పపూల కాలం. అద్దం పైకెత్తితే ఆ తియ్యటి, కాస్త పులిసిన వాసన. ఆకులు రాలిపోయి చెట్లు బోసిగా, వెలుతురు అడ్డంగా పడుతోంది. కోతులు రోడ్డు పక్కన వరసగా కూర్చుని, టోల్ వసూలు చేసేవాళ్లలా చూస్తున్నాయి.

బండి నడిపినవాణ్ని వెనక కూర్చోబెట్టుకుంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మామూలుగా వెనకవాళ్లు మలుపులో నిటారుగా బిగుసుకుంటారు, బండి ఒకవైపు పోతే వాళ్లొకవైపు. ఈయన నాకంటే అర క్షణం ముందే మలుపులోకి చూస్తున్నాడు. దోమలపెంట దాటి ఘాట్ దిగుతుంటే మూడో గేర్లో ఇంజనే బండిని పట్టి ఉంచింది, బ్రేకు మీద వేలు ఆనించి ఊరుకున్నాను. వెనక మనిషి ఉన్నట్టే లేదు. అంత బాగా ఎప్పుడూ నడపలేదు నేను. సగం నడిపింది ఆయనే.

వణుకు? బండి కదులుతున్నంతసేపూ తెలియలేదు. ఈ జబ్బులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ. సీటు వెనక కడ్డీ పట్టుకుంటే తగ్గుతుంది, మిగిలింది ఇంజను లయలో కలిసిపోతుంది. డ్యాం కనిపించే చోట ఆపి ఇంజను కట్టేశాను. అంతా నిశ్శబ్దం. దిగడానికి ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. అప్పుడు తెలిసింది.

సెంటర్ స్టాండు వెయ్యమన్నాడు. వేశాను. ముందు సీట్లో కూర్చున్నాడు. కీ తిప్పి స్టార్ట్ చేశాడు, కొంచెం రేజ్ చేశాడు. క్లచ్ పట్టుకుని వదిలి, "మెత్తగా ఉందిరా" అన్నాడు. చూస్తుంటే ఆయన కుడిపాదం లేచి గేరు కోసం వెతుకుతోంది. అక్కడ బ్రేకు ఉంది. పాదం దాన్ని తడిమి, ఆగి, ఫుట్‌రెస్టు మీదికి వచ్చేసింది. నేను తయారు చేసుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. ఆయన ఏమీ అడగలేదు. కీ ఆపి, దిగి, "మందు టైమైందా?" అన్నాడు. ఇంకా గంటన్నర ఉంది.

తిరిగొచ్చాక వదినకి డబ్బా ఇచ్చాను. మూత తీసి మాత్రలు లెక్కపెట్టింది. సరిపోయాయి.

ఆ ప్రయాణం నుంచి ఒక పని మొదలుపెట్టాం. ఆర్టీయే పరీక్షలో ఎనిమిది వేయిస్తారు కదా, కాలు కింద పెట్టకుండా. ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున, కార్లు తీసేశాక, వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లార్లో రెండు పిల్లర్ల చుట్టూ ఐదు ఎనిమిదులు వేస్తాను. వేగంగా వెళ్లేటప్పుడు బండి తనంతట తనే నిలబడుతుంది. మనిషి సంగతి బయటపడేది నడక వేగంలోనే. వాచ్‌మన్ కుర్చీలో మా అన్నయ్య కూర్చుంటాడు, కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని. పరీక్ష పెట్టేది ఆయనే. వరసగా రెండు నెలలు కాలు తగిలితే చిన్న బండికి మారాలని ఒప్పందం. ఇంట్లో ఆడవాళ్లకి ఈ ఒప్పందం నచ్చింది, పరీక్ష పెట్టేవాడి మీదే నమ్మకం లేదు.

పోయిన ఆదివారం మూడో ఎనిమిదిలో ఎడమకాలి బొటనవేలు నేలకి తగిలిందన్నాడు. తగల్లేదన్నాను. బూటు చూపించమన్నాడు. వదిన కాఫీకి పిలిచేదాకా ఆ వాదన తెగలేదు.