నా టైర్లూ, కోహో చేపలూ

మొన్న శనివారం పొద్దున్నే, నవంబరు వానలో, పశ్చిమ సియాటిల్‌లో ఉన్న లాంగ్‌ఫెలో క్రీక్ అనే వాగు దగ్గరికి చచ్చిన చేపలు లెక్కపెట్టడానికి వెళ్ళాను. "వీకెండ్ నిద్ర మానుకుని చేసే పనా ఇది?" అంది మా ఆవిడ.

సాల్మన్ కూడా మన పులసలాగే గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏరు ఎక్కుతుంది. కాకపోతే పుట్టిన ఏటికే వస్తుంది, గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది. (గోదావరి వాణ్ణి, పులస మాటెత్తకుండా ఉండలేను :))

చుట్టుపక్కల జనం, సిటీ వాళ్ళూ కలిసి ఏళ్ళ తరబడి ఈ వాగులో చెత్త తీశారు, గట్ల మీద చెట్లు నాటారు, చేపలకి అడ్డం తొలగించారు. కోహో సాల్మన్లు రానే వచ్చాయి. వచ్చినవి వాన పడ్డ కొన్ని గంటల్లోనే నోళ్ళు తెరిచి, దిక్కు తెలీక గిరగిరా తిరిగి చచ్చిపోయాయి. 2002-2009 మధ్య ఏటా వచ్చిన కోహోల్లో 60 శాతం పైనే ఇలా పోయాయి.

డెవ్‌లో అన్నీ పాసై ప్రొడక్షన్‌లో కూలిపోయే కోడ్ మనకి తెలియందా! మనమైతే రెండ్రోజులు లాగ్స్ చూసి పక్క టీమ్ మీదకి తోసేస్తాం. వీళ్ళు దాదాపు ఇరవై ఏళ్ళు వదల్లేదు. చివరికి 2020 డిసెంబరులో శాస్త్రవేత్తలు తేల్చారు. టైర్లు పగుళ్ళివ్వకుండా 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది గాల్లో ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అవుతుంది. అరిగిన టైరు పొడితో పాటు వాననీటిలో వాగులోకి పోతుంది. లీటరు నీటికి గ్రాములో కోటో వంతు చాలు, కోహో పని అయిపోతుంది.

నాకు ఒక ఆడచేప దొరికింది. పక్కనున్న పెద్దావిడ కత్తితో పొట్ట కోసి చూపించారు. నిండా నారింజరంగు గుడ్లు, ఒక్కటీ పెట్టలేదు. ఆవిడ ఏమీ అనకుండా కాగితం మీద రాసుకుని ముందుకెళ్ళిపోయారు. నాకు పైన పార్క్ చేసిన కారు గుర్తొచ్చింది. పోయిన నెలే నాలుగు కొత్త టైర్లు వేయించాను. ఎలక్ట్రిక్ కారే లెండి, పర్యావరణం అంటూ నలుగురికీ గొప్పగా చెప్పుకుని కొన్నది. బరువెక్కువ కాబట్టి దాని టైర్లు ఇంకా తొందరగా అరుగుతాయట!

6పీపీడీకి బదులు ఇంకేమైనా ఉందేమో వెతకమని కాలిఫోర్నియా 2023లో టైర్ల కంపెనీలకి నిబంధన పెట్టింది. అది తేలేదాకా ఒక నాటు పద్ధతి ఉంది. రోడ్డు నీళ్ళని ఇసుకా కంపోస్టూ కలిపిన మట్టిలోంచి ఇంకనిచ్చి వదిలితే కోహోలు బతుకుతున్నాయి. అంతే. కానీ ఎన్ని రోడ్లు, ఎన్ని గుంటలు తవ్వాలి?

వచ్చే శనివారం ఒకరింటి ముందు తవ్వుతున్నారు, రమ్మన్నారు. పార పట్టుకుని ఎన్నేళ్ళయిందో. బురద బూట్లు గరాజ్‌లోనే విప్పాలని మా ఆవిడ ఇప్పుడే షరతు పెట్టేసింది.