దూతధర్మము – స్వామిద్రోహము : ఒక గ్రహాంతర కథాపరామర్శ

దూత రాజునకు ముఖమని నీతిశాస్త్రమర్యాద. అర్థశాస్త్రము ప్రథమాధికరణమునందలి దూతప్రణిధి ప్రకరణమున కౌటిల్యుడు నిసృష్టార్థుడు, పరిమితార్థుడు, శాసనహరుడు అని దూతలను త్రివిధముగా విభజించి, దూత అవధ్యుడని నిర్ణయించెను. అయితే దూత అడుగిడిన రాజ్యము పరస్పరవిరోధముచే రెండుగా చీలియున్నచో, అతని మాటను నమ్మిన స్వదేశీయుని గతి యేమి? ఈ ప్రశ్నకు ఒక గ్రహాంతర కథయందు గంభీరమైన సమాధానము లభించుచున్నది.

అమెరికా రచయిత్రి ఉర్సులా కె. లె గ్విన్ (1929–2018) రచించిన ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’ 1969లో వెలువడినది. ఆమె తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త. అన్యజాతుల ఆచారములను తూలనాడక పరిశీలించు దృష్టి ఆమెకు పుట్టినింటి సొత్తు. లోకసమాఖ్య పక్షమున గెన్లీ ఆయ్ అను దూత హిమమయమైన గెథెన్ గ్రహమునకు ఒంటరిగా వచ్చును. అతని సహచరులు నౌకలో నిద్రావస్థయందు వేచియుందురు. పదుగురు వచ్చిన దండయాత్ర యగును. ఒక్కడు వచ్చిన వార్త యగును.

ఆ గ్రహమున కార్హైడ్ రాజ్యమునకును, ముప్పదిముగ్గురు పాలకుల ఓర్గొరేన్‌కును సినోథ్ లోయ విషయమున వివాదము కలదు. యుద్ధమెరుగని ఆ ప్రజలు యుద్ధమును నేర్చుకొను దశకు వచ్చియున్నారు. క్రుద్ధ, లుబ్ధ, భీత, మానివర్గములను కౌటిల్యుడు పరరాజ్యమున భేదమునకు లొంగువారిగా పేర్కొనెను. ఈ నాలుగు వర్గములును ఇచట కనబడును. కాని ఇచట దూత వారిని వాడుకొనడు. వారే దూతను వాడుకొందురు. ఓర్గొరేన్‌లో ఒక పక్షము అతనిని పైకెత్తగా, వేరొక పక్షము రాత్రికి రాత్రి బంధించి శ్రమశిబిరమునకు పంపును.

దూతను తొలుత నమ్మినవాడు కార్హైడ్ ప్రధానామాత్యుడైన ఎస్ట్రావెన్. లోయ వివాదమును శాంతితో తీర్పగోరినందుకే రాజు అతనిని ద్రోహియని వెడలగొట్టెను. అతడే శిబిరమునుండి దూతను విడిపించి, హిమపీఠముపై ఇంచుమించు 80 దినములు వెంట నడచెను. లంకలో దూతవధ కూడదని వాదించి, పిదప రాజ్యము వీడిన విభీషణుడు ఇచట స్ఫురింపక మానడు. భేదము ఒక్కటి. విభీషణునకు పట్టాభిషేకము జరిగినది. ఎస్ట్రావెన్ స్వదేశపు సరిహద్దున తుపాకిగుండ్లకు కూలెను.

కథకు ప్రాణమైన ఘట్టము అటుపిమ్మటిది. ద్రోహాపవాదము తొలగించిన పిదపనే నౌకను దింపెదనని దూత మిత్రునకు మాట యిచ్చియుండెను. మిత్రుడు మరణించెను; రాజు సమాఖ్యకు సమ్మతించెను; దూత మాట తప్పి నౌకను దింపెను. కార్యసిద్ధి యైనది, సత్యము భగ్నమైనది. శాస్త్రము ఇట్టి దూతను కృతార్థుడనియే గణించును. ఆ పేరుతో అతని మనస్సు ఊరడిల్లదు. అతడు మిత్రుని పుట్టినింటికి పోగా, మృతుని బిడ్డ తన తండ్రి యెట్లు మరణించెనో చెప్పుమని కోరును. ఇతర లోకముల కథలను చెప్పుమనియు కోరును.

స్వదేశమును ప్రేమించువాడు ఎల్లలకావలి మేలునుగూడ కోరుట ద్రోహమా? రాజశాసనము తీర్పని ఈ ప్రశ్న ఆ బిడ్డ చెవిని చేరినది. దూతకృత్యము సభలో ముగియలేదు. ఆ యింటిముంగిట మరల మొదలైనది.