ఇరవై మూడు రోజులు

మా నాన్నకి జీమెయిల్ అకౌంట్ క్రియేట్ చేసింది నేనే. అప్పుడు ఎనిమిదో క్లాసు. తణుకులో మాకు చిన్న హార్డ్‌వేర్ షాపుంది. జీఎస్టీ పోర్టల్లో ఇవ్వడానికి ఈమెయిల్ కావాలని ఆడిటర్ గారు అడిగితే, ఇంట్లో ఇవన్నీ తెలిసిన మనిషిని నేనే కాబట్టి ఆ అకౌంట్ నా ఫోన్లోనే ఉండిపోయింది. తర్వాత ఫోన్‌తో పాటు అదీ నాతో హాస్టల్‌కి వచ్చేసింది. జీఎస్టీ వాళ్ళ మెయిల్ వచ్చినప్పుడల్లా వేలితో పక్కకి తోసేసేదాన్ని. రిటర్న్ గడువు గుర్తుచేస్తున్నారులే, ఆడిటర్ గారు చూసుకుంటారు అనుకునేదాన్ని.

2025 జూన్ 9, సెలవులకి ఇంటికొచ్చా. స్టోరేజ్ నిండిపోయిందని ఇన్‌బాక్స్ ఖాళీ చేస్తుంటే ఒక మెయిల్ కనిపించింది. అది రిమైండర్ కాదు, ఆర్డర్. తేదీ ఫిబ్రవరి 24. దానికి ముందు వచ్చిన నోటీసులు కూడా కింద వరసగా ఉన్నాయి, ఒక్కటీ తెరవలేదు. విషయం ఏంటంటే, 2020-21లో మాకు సరుకు అమ్మిన ఒక డీలర్ తన రిటర్న్‌లో మా బిల్లులు చూపించలేదు. అందుకని మేం తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ చెల్లదన్నారు. పన్ను 1,12,000 రూపాయలు, పైన వడ్డీ, పెనాల్టీ. బిల్లులన్నీ మా దగ్గరే ఉన్నాయి. కానీ అడిగినప్పుడు జవాబివ్వలేదు కదా.

ఆడిటర్ గారు ఆర్డర్ చూసి ముందు క్యాలెండర్ తీశారు. జీఎస్టీ చట్టంలో సెక్షన్ 107 అని ఉంది. ఆర్డర్ అందిన మూడు నెలల్లోపు అప్పీలు వేసుకోవాలి. ఆలస్యమైతే, తగిన కారణం చూపిస్తే ఇంకో నెల వరకు అప్పీలు అధికారి మన్నించొచ్చు. అంతే. మన కాలేజీ మూడుల్‌లో అసైన్‌మెంట్‌కి డ్యూ డేట్, కటాఫ్ డేట్ రెండూ ఉంటాయి చూడండి, అచ్చం అలాగే. డ్యూ డేట్ దాటితే లేట్ అని ఎర్రగా చూపిస్తుంది కానీ తీసుకుంటుంది. కటాఫ్ దాటితే అప్‌లోడ్ బటనే ఉండదు. మా డ్యూ డేట్ మే 24న అయిపోయింది. కటాఫ్ జూన్ 24.

"పదిహేను రోజులున్నాయి, బతికిపోయారు" అన్నారు ఆయన. ఆ మాట నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. రాత్రి కూర్చుని చదివితే అర్థమైంది.

ఆలస్యం విషయంలో కోర్టులు కఠినంగా ఉంటాయని అనుకున్నా. నిజానికి చాలాసార్లు మెత్తగానే ఉంటాయి. 1987లో కాతీజీ కేసని ఒకటుంది. పన్నుల కేసు కాదు, భూసేకరణది. ప్రభుత్వం నాలుగు రోజులు ఆలస్యంగా అప్పీలు వేస్తే సుప్రీంకోర్టు మన్నించింది. ప్రతి రోజు ఆలస్యానికీ లెక్క చెప్పాలంటే మరి ప్రతి గంటకీ, ప్రతి సెకనుకీ ఎందుకు అడగకూడదు, కాస్త ఇంగితంతో చూడండి అన్నట్టు రాసింది. అలాగని అందరినీ వదిలెయ్యలేదు. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చి, ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి వెళ్ళేసరికి ఇంతయిందంటే, ప్రభుత్వానికి వేరే గడియారం లేదని తిప్పి పంపింది.

నన్ను పడుకోనివ్వనిది మాత్రం మన కాకినాడ కేసు. హార్లిక్స్ కంపెనీ, అంటే గ్లాక్సో స్మిత్‌క్లైన్ కన్స్యూమర్ హెల్త్‌కేర్, మీద వ్యాట్ ఆర్డర్. ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టంలో అప్పీలుకి ముప్పై రోజులు, మన్నిస్తే ఇంకో ముప్పై. ఆర్డర్ 2017 జూన్‌లో అందితే కంపెనీ 2018 సెప్టెంబరులో అప్పీలు వేసింది. పన్నులు చూసే ఉద్యోగి మాకు చెప్పలేదు, తప్పు అతనిది అన్నారు. హైకోర్టు ఒప్పుకుంది. 2020లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చట్టం పెట్టిన ఆఖరి గడువు కూడా దాటాక, హైకోర్టు రిట్ అధికారంతో ఆ గోడ దూకించకూడదంది. అంటే కటాఫ్ లోపల కారణానికి విలువుంది, బయట నిజం చెప్పినా వినేవాళ్ళు లేరు. (ఇదే చివరి మాట కూడా కాదు. జీఎస్టీలో ఆ ఒక్క నెల దాటినా మన్నించొచ్చని 2023లో కలకత్తా హైకోర్టు అంది. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అయితే కమిషనర్ దగ్గర మొదటి అప్పీలుకి అసలు కటాఫే లేదు. ఒకే దేశం, ఒక్కో పన్నుకి ఒక్కో సెట్టింగ్.)

ఆ కేసులో ఉద్యోగి ఎవరో, మా ఇంట్లో ఎవరో నాకు తెలుసు.

అప్పీలు ఫారంలో ఒక గడి ఉంటుంది: ఆలస్యానికి కారణాలు. ఆడిటర్ గారు మామూలుగా, "మెడికల్ సర్టిఫికెట్ పెట్టేద్దామండీ, కామెర్లని. అందరూ అదే పెడతారు" అన్నారు. నాన్న ఒక నిమిషం ఆలోచించారు. ఆ నిమిషం నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆయన సరేనంటారేమో అనిపించింది.

"మెయిల్ నా దగ్గరుంది, నేను చూడలేదు. అదే రాయండి" అన్నా.

"కాగితం ఎన్ని చేతులు మారుతుందో. అందులో నీ మాటెందుకమ్మా? నేనే చూసుకోలేదని రాద్దాం" అన్నారు నాన్న.

"మీకు ఆ మెయిల్ తెరవడమే రాదు కదా నాన్నా!"

ఆయన నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది. అరిచినట్టు అన్నందుకా, తప్పు నాదైనందుకా, తెలీదు. అమ్మ మధ్యలో కాఫీలు తెచ్చి పెట్టింది, ఎవరూ తాగలేదు.

చివరికి రాసింది ఇది: షాపు ఈమెయిల్ చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్లో ఉంది, ఆమె హాస్టల్లో ఉండడం వల్ల ఆర్డర్ జూన్ 9న మాత్రమే మాకు తెలిసింది. పేరు పెట్టలేదు, అది నాన్న షరతు. మెయిల్ ఆ రోజు దాకా తెరవలేదని చూపించే స్క్రీన్‌షాట్ నేను పెట్టా. వివాదంలో ఉన్న పన్నులో పది శాతం, 11,200 కట్టి జూన్ 16న ఫైల్ చేశాం. ఆలస్యం ఎన్ని రోజులన్న చోట 23 అని నేనే టైప్ చేశా.

హియరింగ్‌కి నేనూ వెళ్ళా. అధికారి కాగితం చదివి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "ఈ అమ్మాయేనా?" అన్నారు. నాన్న నాకంటే ముందే "నేను చూసుకోవాల్సిందండీ" అన్నారు. ఆయన ఇంకేం అడగకుండా బిల్లుల గురించి మొదలుపెట్టారు. ఆలస్యం మన్నించారు. అసలు కేసు ఇంకా నడుస్తోంది. ఆ డీలర్ ఫోన్ ఎత్తడు.

జీమెయిల్ ఇప్పుడు నాన్న ఫోన్లో కూడా ఉంది. ఏది ముఖ్యమో ఆయనకి తెలీదు, అందుకని అన్నీ నాకు ఫార్వర్డ్ చేస్తారు. నిన్న ల్యాబ్‌లో ఉండగా ఒకటొచ్చింది. టైల్స్ కంపెనీ వాళ్ళ దసరా ఆఫర్. మొత్తం చదివా.