బాపు పెట్టిన ప్రాక్టికల్

ఈమధ్య గోదావరిఖని వెళ్లేసరికి అక్క కూతురు ఫిజిక్స్ రికార్డుతో కుస్తీ పడుతోంది. స్నేహితురాలి రికార్డు పక్కన పెట్టుకుని రీడింగులు దించేస్తోంది. 'నువ్వు చేసి చూశావా?' అన్నాను. 'అందరూ ఇంతే కదా చిన్నమ్మా' అంది. నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ ఇదే మాట అన్నాను, బాపుతో.

2006లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. ప్రాక్టికల్స్‌కు సబ్జెక్టుకు 30 మార్కులు. మా కాలేజీలో ల్యాబు తలుపులు తీసిందే పరీక్షలకు వారం ముందు. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం 980 రావాలని అందరికీ తెలుసు. అందుకే జవాబు నుంచి వెనక్కి లెక్కకట్టి, 20 డోలనాలకు పట్టే సమయాన్ని రాసేసుకునేవాళ్లం.

బాపు సింగరేణిలో మైనింగ్ సర్దార్. ఆ రోజు సెకండ్ షిఫ్టు దిగి యైటింక్లైన్ కాలనీలోని క్వార్టర్‌కు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అన్నం తింటూ నన్నే చూస్తున్నాడు.

'గడియారం లేకుండ టైం ఎట్ల రాస్తున్నవ్ బిడ్డా?'

సంగతి చెప్పాను. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

'బాయిల మేం దీపం కప్పు దాక లేపి చూస్తం. మంట మీద నీలం టోపీ కనవడితే మీథేన్ ఉన్నట్టు. దానికి రంగుండది, వాసనుండది. గాలిల నూటికి 5 నుంచి 15 పాళ్లుంటే నిప్పు తగిలి పేలుతది. చూడకుండ గ్యాస్ లేదని రాస్తే, ఆ కాయితం నమ్మి మంది లోపలికి పోతరు.'

చెయ్యి కడుక్కుని తాళంకప్పకు దారం కట్టి దర్వాజాకు వేలాడదీశాడు. దారం సరిగ్గా 100 సెంటీమీటర్లు. 20 ఊపులకు ఆయన చేతి గడియారంలో 41 సెకన్లు. లెక్కకడితే 939!

'తప్పొచ్చింది బాపూ, 980 వేసేస్తా.'

'అచ్చిందే రాయి. ఎందుకట్ల అచ్చిందో ఎతుకు.'

తెల్లారి పుస్తకం తిరగేస్తే దొరికింది. పొడవును గుండు మధ్య వరకూ కొలవాలట. నేను ముడి దాకానే కొలిచాను. తాళంకప్ప మధ్య వరకూ కొలిస్తే 104. మళ్లీ లెక్క వేశాను. 977!

పరీక్షలో నాకొచ్చిన విలువ 980 కాదు. అయినా దిద్దలేదు. ఎందుకు తగ్గిందని ఎగ్జామినర్ అడిగితే తడుముకోకుండా చెప్పాను. మార్కులెన్నో ఇప్పుడు గుర్తులేదు. కానీ వార్త రాసేటప్పుడల్లా 'నువ్వు చూసినవా?' అన్న బాపు గొంతు వినిపిస్తుంది.

'ఇంట్లో తాళంకప్ప ఉందా?' అని అక్క కూతుర్ని అడిగాను. తను లేచేలోగా, రిటైరై మంచంమీద కూర్చున్న బాపు చేతి గడియారం విప్పి ఇచ్చాడు.