దూరమును గడియారమును

దూరమును కొలుచుటకు లోకమున రెండు విధములు గలవు. కిలోమీటర్లతో కొలుచుట యొకటి, గంటలతో కొలుచుట యొకటి. ఈ రెంటికిని ఎల్లప్పుడు పొందిక కుదురదని భూగోళము చదువునప్పుడు మా యన్నదమ్ము లిరువురకును బోధపడినది.

లండను, పారిసు నగరములను చూడుడు. గోళముపై వాని నడుమ దారము బిగించి కొలిచిన సుమారు 345 కిలోమీటర్లగును. కరీంనగరమునుండి ఆదిలాబాదునకు గల తిన్నని దూరము సుమారు 150 కిలోమీటర్లు గనుక, ఇది దానికి రెండింతలకు మించినది. గంటకు 800 కిలోమీటర్లు పోవు విమానమున కిది అరగంట పనియే. అయినను కాలపట్టికలో గంటంబావు వ్రాసెదరు. ఏలయన, విమానము ముందు నేలపై సాగవలెను, క్రమముగా పైకెక్కవలెను, దిగుటకు తన వంతు వచ్చువఱకు వేచియుండవలెను. 1919 ఆగస్టు 25వ తేదీన ఈ నగరముల నడుమ నిత్య విమానయానము మొదలైనప్పుడు సుమారు రెండున్నర గంటలు పట్టెను. వేగము నాలుగు రెట్లు పెరిగినను కాలము సగమే తగ్గినది.

ఇంకొక వింత గలదు. పారిసు గడియారము లండను గడియారముకంటె ఒక గంట ముందుండును. లండనులో పదింటికి బయలుదేరినవాడు పారిసులో 12.15కు దిగును. అచట ఒంటిగంటకు మరలినవాడు లండనులో 1.15కే దిగును. పోవునప్పుడు రెండుంబావు గంటలు, వచ్చునప్పుడు పావుగంట!

ఈ లెక్కను మేము వినోదమునకై నేర్వలేదు. మా ప్రాంతమున గల్ఫు దేశములకు పోయినవారు లేని యూరు అరుదు. మా తండ్రిగారును దుబాయిలో నున్నారు. హైదరాబాదునుండి దుబాయికి 2,500 కిలోమీటర్లకు పైగా గలదు. విమానమున సుమారు నాలుగు గంటలు. అచటి గడియారము మనకంటె గంటన్నర వెనుక. శంషాబాదు విమానాశ్రయమునుండి కరీంనగరమునకు 200 కిలోమీటర్లు లేకున్నను, బస్సులు మారి సిద్దిపేటమీదుగా వచ్చుటకు అదియు నాలుగు గంటలే. సముద్రము దాటుటకును ఇల్లు చేరుటకును ఒక్కటే కాలము!

మా నాయనమ్మ కాలము చేసిన దినమున ఆ వార్త తండ్రిగారికి క్షణములో చేరినది. ఎనిమిది గంటలలో రాదగినవారు నాలుగవనాడు వచ్చిరి. సెలవు దొరకుటకును, యజమానియొద్దనున్న పాసుపోర్టు చేతికందుటకును మూడు దినములు పట్టెను. కడగొట్టు కుమారుడు పెట్టవలసిన తలకొఱివిని పెద్దనాయనగారు పెట్టిరి.

ఆ మూడు దినములు ఏ పటములోను, ఏ కాలపట్టికలోను కానరావు. సోదర విద్యార్థులారా! పనివాని పాసుపోర్టును యజమాని పట్టియుంచుట అచటి చట్టమునకును విరుద్ధమే. మీ యింటివారు పరదేశమునకు పోవునప్పుడు టిక్కెట్టు వెలతోపాటు, సెలవు నిబంధన యెట్టిదో, పాసుపోర్టు ఎవరి చేతిలో నుండునో కూడ ముందుగా నడిగి తెలిసికొనుడు.